ఫెరారీ 312టీ5: తప్పు కారుదా, షెక్టర్‌దా?

మూడోగేరు: 1979లో ఫెరారీకి ఫార్ములా వన్ టైటిల్ తెచ్చిన డ్రైవర్ జోడీ షెక్టర్ మరుసటి ఏడాది మొత్తానికి సంపాదించినవి 2 పాయింట్లు. కెనడాలోనైతే రేసుకు అర్హతే సాధించలేదు. అదే కారుతో జట్టు సహచరుడు గిల్ విల్నవ్ 6 పాయింట్లు తెచ్చాడు. నెపమంతా ఆ 1980 కారు 312టీ5 మీదకు నెట్టడం న్యాయమా? ఛాంపియన్ అయ్యాక షెక్టర్‌కు కసి తగ్గిందనే అంటాను.

ఇనుపగుర్రం: ఆరుకీ రెండుకీ మధ్య తేడాతో తీర్పు చెప్పేస్తారా? విల్నవ్ ఆరు పాయింట్లూ ఐదు, ఆరు స్థానాల్లో ఏరుకున్నవే. ఒక్క పోడియం లేదు. జట్టుకు పదో స్థానం!

అసలు చిక్కు ఇంజనుది. ఫెరారీది ఫ్లాట్-12. సిలిండర్లు ఆరు ఇటూ ఆరు అటూ పడుకుని ఉంటాయి. గ్రౌండ్ ఎఫెక్ట్ (కింద పారే గాలితో కారును నేలకు అదిమి పట్టే పద్ధతి) కారుకు గాలి దూసుకుపోయే సొరంగాలు కావలసింది సరిగ్గా ఆ పక్కల్లోనే. ప్రత్యర్థి జట్టు విలియమ్స్ కారు ఎఫ్‌డబ్ల్యూ07లో ఉన్నది సన్నటి కాస్‌వర్త్ వీ8, దానికి చోటు దొరికింది. ఇక్కడ సిలిండర్ హెడ్లే దారికి అడ్డం. కారు పక్కల అంచులను నేలదాకా మూసే స్కర్టులు ఎంత బాగా బిగించి ఏం లాభం?

మూడోగేరు: ఆ ఇంజనుతోనే 312టీ4 అంతకుముందు ఏడాది ఎలా గెలిచింది మరి?

ఇనుపగుర్రం: తేదీలు చూడండి. ఎఫ్‌డబ్ల్యూ07 తొలి గెలుపు 1979 జూలైలో, సిల్వర్‌స్టన్‌లో. ఆ వెంటనే విలియమ్స్ డ్రైవర్ అలన్ జోన్స్ జర్మనీ, ఆస్ట్రియా, హాలండ్ రేసులు వరసగా ఊడ్చేశాడు. షెక్టర్ గెలిచిన మూడింటిలో బెల్జియం, మొనాకో అంతకుముందువి. పైగా అప్పట్లో సీజన్‌లోని ఒక్కో సగంలో మేలైన నాలుగు ఫలితాలే లెక్క. జోన్స్‌కు ఆలస్యంగా వచ్చిన ఊపు అక్కరకు రాలేదు. ఫెరారీ ఆ వేసవికే వెనకబడింది, టైటిల్ ఆ సంగతిని కప్పిపెట్టింది.

పాతటైరు: ఫెరారీ వాడిన మిషెలిన్ టైర్ల మాట ఎవరూ ఎత్తరేం?

ఇనుపగుర్రం: రెనో జట్టు కూడా మిషెలిన్ టైర్లతోనే 1980లో మూడు రేసులు గెలిచింది. ఆ సాకు చెల్లదు.

విశాఖవాసి: మీరందరూ ఫెరారీ కార్ఖానా ఉన్న మారనెల్లోను మరిచారు. అక్కడి ఇంజనీర్ మౌరో ఫోర్గియెరి బృందం అప్పటికే టర్బో కారు 126సీ పనిలో పడింది. సెప్టెంబరులో ఇమోలా ప్రాక్టీసులో విల్నవ్ దాన్ని బయటకు తీశాడు, రేసుకు మాత్రం మళ్లీ టీ5నే ఎక్కి పెద్ద ప్రమాదం చేసుకున్నాడు. 1981లో టర్బోతో మొనాకో, స్పెయిన్ గెలిచాడు. యాజమాన్యమే ఆశ వదులుకున్న బండికి డ్రైవర్‌ను బాధ్యుణ్ణి చేయడం నాకు మింగుడుపడదు.

మూడోగేరు: ఆ బండితోనే విల్నవ్ బ్యూనస్ ఐరిస్‌లో సస్పెన్షన్ విరిగేదాకా ముందున్నవాళ్లతో తలపడ్డాడు కదా! షెక్టరేమో సీజన్ మధ్యలోనే రిటైర్మెంట్ ప్రకటించాడు. అలా చెప్పేసినవాడు కెనడా రేసు జరిగిన మాంట్రియల్‌లో ప్రాణం పెట్టి నడుపుతాడా?

ఇనుపగుర్రం: మాంట్రియల్ పేరు మీరే ఎత్తారు. గ్రిడ్‌లో 24 కార్లుంటే, సొంతగడ్డ మీద విల్నవ్ బయలుదేరింది 22వ స్థానం నుంచి.

మూడోగేరు: చేరింది ఐదో స్థానానికి. అది కూడా చెప్పండి.