టర్చిన్ 2010లో చెప్పిన అల్లకల్లోలం వచ్చినట్టేనా? మరి వచ్చే పదేళ్ల మాటేమిటి?

కృష్ణాతీరం

2010 ఫిబ్రవరిలో నేచర్ అనే సైన్స్ పత్రికలో ఒక చిన్న ఉత్తరం వచ్చింది. రాసినాయన పీటర్ టర్చిన్, అమెరికాలోని కనెటికట్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్. మొదట్లో ఆయన పని పైన్ చెట్లను తొలిచే పురుగుల సంఖ్య ఎందుకు పెరిగి తగ్గుతుందో లెక్కకట్టడం. తర్వాత అదే పద్ధతిని మనుషుల చరిత్రకు వాడాడు. రాబోయే పదేళ్లలో అమెరికాలో, పశ్చిమ ఐరోపాలో రాజకీయ అస్థిరత పెరుగుతుందని, 2020 ప్రాంతంలో అది ముదురుతుందని ఆ ఉత్తరం సారాంశం. 2020 మేలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు చంపాడు, దేశమంతా రోడ్డెక్కింది. 2021 జనవరి 6న సొంత పార్లమెంటు మీదికే జనం దండెత్తారు.

ఆయన చూసినవి మూడు. ఉత్పత్తి పెరుగుతున్నా 1970ల నుంచి మామూలు కార్మికుడి జీతం దాదాపు కదలకపోవడం ఒకటి. ప్రభుత్వం అప్పుల్లో కూరుకుపోవడం రెండోది. మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనబడుతుంది. పెద్ద కుర్చీలు ఆశించే చదువుకున్నవాళ్లు, డబ్బున్నవాళ్లు ఏటా పెరుగుతున్నారు, కుర్చీలు మాత్రం అన్నే ఉన్నాయి. మ్యూజికల్ చైర్స్‌లో రౌండుకో కుర్చీ తీసేస్తారు కదా, ఇక్కడ కుర్చీలు కదపకుండా ఆడేవాళ్లను పెంచుకుంటూ పోతున్నారు అంటాడాయన. కుర్చీ దొరకనివాళ్లు ఊరికే ఇంటికి పోరు. చదువు ఉంది, మాట్లాడటం వచ్చు, కోపం ఉంది. జనం కష్టానికి నాయకులుగా నిలబడేది వాళ్లే.

2022లో శ్రీలంక, 2024లో బంగ్లాదేశ్, 2025లో నేపాల్. మన చుట్టూ మూడు ప్రభుత్వాలు వీధి పోరాటాలకు కూలిపోయాయి. వచ్చే పదేళ్లు గడిచిన పదేళ్లకన్నా గట్టిగా ఉంటాయని నా నమ్మకం. ఏ ఏడాది అంటే చెప్పలేను. మీరేమంటారు?

లెక్కలమాస్టారు

మీ ఆందోళన అర్థమైంది, నేనూ మనవళ్లున్నవాణ్ణే. కానీ ముప్పై ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పిన మనిషిగా దీన్ని ఒప్పుకోలేను.

టర్చిన్ యాభై ఏళ్ల చక్రం ఒకటి ఉందంటాడు. అమెరికాలో 1870, 1920, 1970 ప్రాంతాల్లో హింస ఎగిసింది కాబట్టి 2020లో మళ్లీ అని. మరి 1820లో? అప్పుడు ఏమీ జరగలేదు, అది ఆయనే ఒప్పుకున్నాడు. అంటే మూడు చుక్కల మీద గీసిన గీత ఇది. ఇంటర్ పిల్లాడు తెచ్చినా నేను మార్కులు వేయను. పైగా 2020లో తన అంచనా నిజమైందా లేదా అని చూస్తూ వచ్చిన పరిశోధనా వ్యాసం ఎవరిది? ఆయనదీ, ఆయన సహచరుడిదీ. రాసినవాడే పేపరు దిద్దుకుంటే ఎలా?

కాకి వాలింది, తాటిపండు పడింది. 2020లో కోవిడ్ రాకుండా, జనం ఇళ్లలో ఇరుక్కోకుండా, ఉద్యోగాలు పోకుండా ఉంటే అంత మంట లేచేదా? మహమ్మారిని ఆయన లెక్కలు చెప్పలేదు.

ఇంకొకటి, గురి తప్పినవాళ్లను మనం గుర్తుపెట్టుకోం. 1970లలో కోట్లమంది ఆకలితో చనిపోతారని అమెరికా జీవశాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ 1968లో రాశాడు. భారతదేశం మీద ఆయనకు ఆశే లేదు. అప్పటికే, 1967లో, మన ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు ఎక్కువ దిగుబడి ఇచ్చే ఐఆర్-8 వరి వేసి పండించి చూపించారు. 1980లో ఐదు లోహాల ధరలు పదేళ్లలో పెరుగుతాయని ఆర్థికవేత్త జూలియన్ సైమన్‌తో ఎర్లిక్ పందెం కాశాడు. 1990లో ఓడిపోయి 576 డాలర్ల చెక్కు పంపాల్సి వచ్చింది. ఫిలిప్ టెట్లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 284 మంది నిపుణుల అంచనాలను ఏళ్లతరబడి కూడబెట్టి చూశాడు. ఎంత పేరుమోసిన నిపుణుడైతే అంత ఎక్కువ తప్పాడు.

బ్రహ్మంగారు ముందే చెప్పారంటూ 2020లో వాట్సాప్‌లో తిరిగినవాటిని మనం నమ్మం కదా. ప్రొఫెసర్ చెప్పాడని దీన్ని ఎందుకు నమ్మాలి?

కృష్ణాతీరం

మాస్టారూ, 1820 మాట ఒప్పుకుంటున్నాను. చక్రాన్ని నేనూ నమ్మను. నేను పట్టుకున్నది మిగతా సగాన్ని, అంటే జీతాలు, అప్పులు, కుర్చీల లెక్కను.

కోవిడ్ డెన్మార్క్‌కూ వచ్చింది, జపాన్‌కూ వచ్చింది. అక్కడ జనం పార్లమెంటు కిటికీలు ఎందుకు పగలగొట్టలేదు? జబ్బు ఒకటే, ఒంటి స్థితి వేరు. టర్చిన్ చెప్పింది ఒంటి స్థితి గురించి.

సోవియట్ కథ చూడండి. ఆంద్రేయ్ అమాల్రిక్ అనే రష్యన్ అసమ్మతివాది తన దేశం 1984 దాకా నిలుస్తుందా అని 1970లోనే అడిగాడు. చైనాతో యుద్ధంలో కూలుతుందనుకున్నాడు. యుద్ధమూ రాలేదు, ఏడాదీ తప్పింది. అయితే రష్యనేతర రిపబ్లిక్కులు విడిపోతాయన్నది 1991లో అక్షరాలా జరిగింది. ఫ్రాన్స్‌లో ఎమాన్యుయెల్ టాడ్ అనే పరిశోధకుడు 1976లో ఇంకా నేలమీది లెక్క చూశాడు. సోవియట్‌లో శిశు మరణాలు పెరగడం మొదలైంది, తర్వాత ప్రభుత్వం ఆ అంకెలు ప్రచురించడమే మానేసింది. అంతరిక్షంలోకి మనిషిని పంపిన దేశం పసిబిడ్డల లెక్క దాచుకుంటోందంటే లోపల ఏదో కుళ్లుతోందని ఆయనకు అర్థమైంది. ఇద్దరిలో ఎవరికీ తేదీ తెలియదు. ఇద్దరూ చూడాల్సినదాన్ని చూశారు.

అశోక్‌నగర్ రూమ్ 12

అన్నా, "పెద్ద కుర్చీలు ఆశించేవాళ్లు" అన్న దగ్గర ఆగిపోయాను. మీరు రాస్తున్నది నా గురించే.

నాకిప్పుడు 29. సర్కారు కొలువు కోసం హైదరాబాద్ వచ్చి ఆరేళ్లు. నాన్న ముప్పై గుంటలు అమ్మి పంపాడు. రూములో నలుగురం. పొద్దున్నే చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో సీటు కోసం బ్యాగు పెట్టి లైన్లో నిలబడతాం. రాసిన ఒక పరీక్ష రద్దయింది, మళ్లీ రాశాను, అదీ రద్దయింది. ఏ పరీక్షో ఇక్కడ చెప్పను. మా అమ్మ ఫోన్ చేసి "ఎప్పుడొస్తవ్ బిడ్డా" అంటే ఏం చెప్పాలో తెలియక సిగ్నల్ లేదని పెట్టేస్తాను. నేను కోరుకున్నది పెద్ద కుర్చీ కాదు అన్నా, నెల తిరిగేసరికి జీతం వచ్చే పని. మమ్మల్ని ఆ సిద్ధాంతం పైవర్గం అంటోంది. మా ఊళ్లో అది వింటే ఏడుస్తారు.

కానీ లెక్క నిజం. 2024లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) నివేదిక ప్రకారం దేశంలో 2022లో డిగ్రీ చేసిన యువతలో నిరుద్యోగం 29.1 శాతం, చదవడం రాయడం రానివాళ్లలో 3.4 శాతం. చదివినందుకే ఖాళీగా ఉన్నాం. 2019లో రైల్వే 35 వేల పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తే కోటీ ఇరవై లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ ఫలితాల గొడవలోనే 2022 జనవరిలో గయలో రైలు బోగీలు కాల్చారు. అదే ఏడాది జూన్ 17న, సైన్యంలో నాలుగేళ్ల కొలువుల పథకం అగ్నిపథ్ మీద కోపంతో సికింద్రాబాద్ స్టేషన్లో బోగీలు తగలబెట్టారు, పోలీసు కాల్పుల్లో ఒక తమ్ముడు చనిపోయాడు. రెండేళ్లు పరుగు ప్రాక్టీసు చేసినవాళ్లు వాళ్లంతా. తగలబెట్టడం తప్పే. కానీ ఆ రోజు మా రూములో ఎవరమూ అన్నం తినలేదు.

మాస్టారు గారూ, మూడు చుక్కలు చాలవన్నారు. మా చుక్కలు లెక్కపెడితే చాలవా?

సీమబిడ్డ

తమ్ముడూ, నీ మాటకు జవాబు నా దగ్గర లేదు. చర్చకు మాత్రం ఒక మాట కలుపుతాను.

కోపం ఉన్నచోటల్లా మంట లేవదు. కోపానికి బయటికి పోయే దారి ఉందా లేదా అన్నది చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 175కి 151 సీట్లు గెలిచిన పార్టీకి 2024లో 11 వచ్చాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో పదేళ్ల ప్రభుత్వం దిగిపోయింది, నిరుద్యోగుల కోపం అందులో గట్టిగా పనిచేసింది. మనవాళ్లకు కోపం తక్కువా? కాదు, బూత్ దాకా వెళితే పని జరుగుతుందన్న నమ్మకం మిగిలి ఉంది.

బంగ్లాదేశ్‌లో ఆ దారి మూసేశారు. 2024 జనవరి ఎన్నికలను ప్రధాన ప్రతిపక్షం బహిష్కరించింది, ఫలితం ముందే తెలిసిన ఎన్నిక అది. జూన్‌లో స్వాతంత్ర్య సమరయోధుల వారసులకు 30 శాతం కోటాను హైకోర్టు మళ్లీ తెచ్చింది. జులైలో విద్యార్థులు లేచారు. ఆగస్టు 5న షేక్ హసీనా దేశం వదిలి వచ్చేశారు. జులై 1 నుంచి ఆగస్టు 15 దాకా చనిపోయినవాళ్లు 1,400 మంది దాకా ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి అంచనా. గొడవ మొదలైంది సర్కారు కొలువుల కోటా మీదే. నేపాల్‌లో ఎన్నికలున్నాయి కానీ ఓలీ, దేవుబా, ప్రచండ ముగ్గురే కుర్చీ మార్చుకుంటూ వచ్చారు. సోషల్ మీడియాను నిషేధించిన వారంలోపే ప్రభుత్వం పోయింది.

అందుకే అమెరికాలో నాకు భయం వేసేది నిరసనలను చూసి కాదు. జనవరి 6న వచ్చినవాళ్లు ఎన్నికే అబద్ధం అన్నారు. ఆ దారి మీదే నమ్మకం పోతే తర్వాత ఏముంటుంది?

ప్లేనో నుంచి

అమెరికాలోని టెక్సస్ నుంచి ఒక మాట. అమెరికా అప్పు 2025 అక్టోబరులో 38 లక్షల కోట్ల డాలర్లు దాటింది. 2024 ఆర్థిక సంవత్సరంలో వడ్డీకి కట్టింది రక్షణ ఖర్చును మించింది. 2025 మేలో, అప్పు తీర్చే సత్తాకు మార్కులు వేసే మూడీస్ సంస్థ కూడా అమెరికా రేటింగ్ తగ్గించింది. సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు అన్నారు. ఆ రాత్రి మా వీధిలో తెలుగు ఇళ్లల్లో లైట్లు ఆరలేదు, ఇండియా వెళ్లినవాళ్లు టికెట్ల కోసం టెన్షన్ పడ్డారు. మా అబ్బాయి ఇక్కడే పుట్టి కంప్యూటర్ సైన్స్ చదివాడు, ఏడాదిగా ఉద్యోగం లేదు. అశోక్‌నగర్ బాబూ, నీ పోస్టు వాడికి చదివి వినిపించాను.

మనవాళ్ల కోపానికి అమెరికా కూడా ఒక దారి కదా సీమబిడ్డ గారూ. అది మూసుకుంటే ఆ ఒత్తిడి మళ్లీ హైదరాబాదుకే, విజయవాడకే వస్తుంది.

పాల్వంచ పెద్దాయన

మనుమడు టైపు చేసి పెడుతున్నాడు. 1969లో నాకు పంతొమ్మిదేళ్లు. కొత్తగూడెం థర్మల్ స్టేషన్లో స్థానికులకు రావాల్సిన కొలువులు బయటివాళ్లకు ఇస్తున్నారని జనవరిలో మా దగ్గరే గొడవ మొదలైంది. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో రాసుకున్న మాట అది. నిలబెట్టలేదు. ఖమ్మం చేరింది, అక్కడి నుంచి ఉస్మానియాకు పాకింది. చదువులు ఆగిపోయినయి. కాల్పుల్లో పోరగాళ్లు చచ్చిపోయిండ్రు. నా పక్క బెంచీవాడికి కాలికి తూటా తగిలింది, ఆ కాలు మళ్లీ సరిగ్గా రాలే.

1971లో తెలంగాణ ప్రజా సమితికి 14 లోక్‌సభ సీట్లలో 10 వచ్చినయి. ఓటు దారి ఉందన్నాడు సీమ బిడ్డ. ఉండింది. పదిమంది గెలిచినా వాళ్ల పార్టీ పోయి కాంగ్రెస్‌లో కలిసింది. 1972లో ముల్కీ నిబంధనలు, అంటే కొలువులు స్థానికులకే అన్న నియమాలు, చెల్లుతాయని సుప్రీంకోర్టు అంటే అవతలి వైపు జై ఆంధ్ర లేచింది. 1973లో ఆరు సూత్రాలు వచ్చినయి. కొలువుల లెక్క మాత్రం తేలలే. 2014 దాకా నడిచింది, రాష్ట్రమే రెండయింది.

ఏ పండితుడూ 1969లో 2014 అని చెప్పలే. కానీ ఫ్యాక్టరీ గేటు ముందర నిలబడి ఎవరికి కొలువు వచ్చింది, ఎవరికి రాలేదు అని లెక్కపెట్టిన మా మేస్త్రీకి ఇది ఇంతటితో ఆగదని తెలుసు.

లెక్కలమాస్టారు

పెద్దాయనా, నమస్కారం. మేస్త్రీ లెక్కను నేను కాదనను. నా తగువు తేదీ వేసి చెప్పేవాళ్లతోనే.

అశోక్‌నగర్ బాబూ, నీ ప్రశ్నకు తప్పించుకోకుండా జవాబు చెప్తాను. నీ చుక్కలు చాలు, కష్టం ఉందనడానికి. ఆ కష్టం ఫలానా రూపంలో పేలుతుందనడానికి చాలవు. 1991లో మన దేశం 47 టన్నుల బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టింది. అప్పటి అంచనాలన్నీ చీకటివే. పి.వి. గారు, మన్మోహన్ సింగ్ గారు ఆ ఏడాదే దారి మార్చారు. సంక్షోభం వస్తుందన్న లెక్కలో మనిషి చేసే పని ఎక్కడుంది? అది నాకు ముఖ్యం.

కృష్ణాతీరం గారూ, మీరూ ఒక పని చేయండి. అల్లకల్లోలం అంటే ఏమిటో ముందే రాసిపెట్టండి. తర్వాత జరిగిన ప్రతిదాన్నీ అందులో కలుపుకోవడం కుదరకూడదు.

కృష్ణాతీరం

న్యాయమైన మాట మాస్టారూ. రాస్తున్నాను.

2035 చివరిలోపు దక్షిణాసియాలో కనీసం ఇంకొక ప్రభుత్వం ఎన్నికల ద్వారా కాకుండా వీధి పోరాటం వల్ల పడిపోతుంది. నా నమ్మకం నూటికి 75. అమెరికాలో కనీసం ఒక అధ్యక్ష ఎన్నిక ఫలితాన్ని ఓడిన పెద్ద పార్టీ అభ్యర్థి ఒప్పుకోడు. నూటికి 60. మన రెండు రాష్ట్రాల్లో ఉద్యోగ పరీక్షల మీద కోపంతో ప్రాణాలు పోయే స్థాయి హింస జరుగుతుంది. నూటికి 30, ఇది తప్పవ్వాలని మొక్కుకుంటున్నాను. పి.వి. గారి మాట మీరు అన్నాక 40 నుంచి తగ్గించాను. పరీక్షల క్యాలెండరు తేదీ తప్పకుండా నడిపితే, లీకులు ఆగితే ఇంకా తగ్గిస్తాను.

అశోక్‌నగర్ రూమ్ 12

అన్నా, ఆ మూడోది ఎప్పుడు తగ్గిస్తారో ఇక్కడే చెప్పండి. నేను చూస్తుంటాను. ఆదివారం పరీక్ష ఉంది, సెంటర్ కరీంనగర్ పడింది. ప్లేనో అమ్మా, మీ అబ్బాయికి నా నంబరు పంపిస్తాను. ఒకసారి మాట్లాడుకుంటాం.