మిగ్-25ఆర్, 1985 నాటి బరేలీ బేస్: ఫ్లైట్ సిమ్యులేటర్‌లో కట్టిన అనుభవం ఎవరికైనా ఉందా?

శీను_సిమ్
అందరికీ నమస్తే. మూడు నెలలుగా ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్ కోసం మన వాయుసేన మిగ్-25ఆర్ చేస్తున్నాను. 1981 నుంచి 2006 దాకా బరేలీలో 102 స్క్వాడ్రన్, అదే ట్రైసోనిక్స్, నడిపిన నిఘా విమానం. దాంతోపాటు 1985 నాటి బరేలీ బేస్ కూడా కట్టాలని ఆశ. విమానం ఓ మాదిరిగా వచ్చింది, బొమ్మ కింద పెట్టాను. బేస్ దగ్గరే తల పట్టుకుని కూర్చున్నా. శాటిలైట్ మ్యాప్‌లో కనిపించేది ఇవాళ్టి బరేలీ. సుఖోయ్-30లు వచ్చాక కట్టినవి, 2021లో తెరిచిన పౌర టెర్మినల్, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఏది పాతదో, ఏది కొత్తదో ఎలా తేల్చాలి?

గోదారి_గాలి
బేస్ సంగతి తర్వాత. మీ బొమ్మ చూశాను తమ్ముడూ, అది మిగ్-25ఆర్ కాదు. మిగ్-25పీకి మన రంగు పూసినట్టుంది.

ముక్కు చూడండి. పీ యుద్ధ విమానం కాబట్టి ముక్కులో పెద్ద రాడార్ ఉంటుంది, అందుకే లావు. ఆర్‌లో ఆ రాడార్ లేదు, ముక్కు సన్నగా ఉండి కింద, పక్కల కెమెరా కిటికీలు వస్తాయి. ఇది అందరికీ తెలిసిందే. అందరూ దెబ్బ తినేది రెక్క దగ్గర. పీ రెక్క ముందు అంచు మధ్యలో కాస్త విరుగుతుంది: లోపలి భాగం వాలు 42.5 డిగ్రీలు, బయటిది 41. ఆర్‌కి ఆ విరుపు లేదు, మొదలు నుంచి చివరి దాకా ఒకే గీత. రెక్కల కొస నుంచి కొసకి పీ 14.02 మీటర్లు, ఆర్ 13.42.

నేనూ ఇదే తప్పు చేశాను. ఉచితంగా దొరికిన పీ మోడల్ దించుకుని ముక్కు మాత్రం మార్చా. పాలం మ్యూజియంలో ఉన్న విమానం ఫొటో పక్కన పెట్టి చూస్తే రెక్క సరిపోదే! రెండు రోజులు ఫొటోలో లెన్స్ వంపు అనుకున్నాను.

ఇంకోటి, కెమెరా కిటికీలను టెక్స్చర్‌లో (మోడల్ పైన అంటించే రంగు బొమ్మలో) నల్ల చతురస్రాలుగా గీయకండి. ఎండ ఏటవాలుగా పడినప్పుడు స్టిక్కర్ అంటించినట్టు కనిపిస్తాయి. 3డీ మోడల్ చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో కొంచెం లోపలికి నొక్కి, పైన విడిగా గాజు పలక పెట్టండి.

శీను_సిమ్
అయ్యో. కొలిచాను, మీరన్నదే నిజం. రెక్క మళ్లీ మొదటి నుంచి 😭

రేపల్లె_రాడార్
బేస్ ప్రశ్నకి వస్తే, నిఘా విమానం బేస్‌ని నిఘా ఉపగ్రహం ఫొటోలతోనే కట్టండి! అమెరికావాళ్లు కరోనా అనే నిఘా ఉపగ్రహాల ఫొటోలు 1995లో బయటపెట్టారు, అవి 1972తో ఆగిపోతాయి. మీ కాలానికి పనికొచ్చేవి ఆ తర్వాతి హెక్సాగన్ ఉపగ్రహాల ఫొటోలు, 2011లో రహస్య ముద్ర తీసేశారు. అమెరికా భూగర్భ సర్వే సైట్‌లో వెతకొచ్చు. ఎవరో ఒకరు ముందే స్కాన్ చేయించుకున్న ఫ్రేమ్ అయితే ఉచితం, లేకపోతే స్కాన్‌కి మనమే డబ్బు కట్టాలి. మబ్బు లేని ఫ్రేమ్ దొరకడం మన అదృష్టం.

బేగంపేట కట్టినప్పుడు నేను కరోనా వాడాను. పనోరమా కెమెరా కాబట్టి ఫిల్మ్ అంచుల్లో నేల సాగినట్టు వస్తుంది. క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, ఇవాళ్టి మ్యాప్‌తో కలపడానికి అప్పుడూ ఇప్పుడూ కదలని గుర్తులు పట్టుకోండి: రన్‌వే చివరలు, రైలు పట్టాల మలుపు, పాత రోడ్ల కూడలి. నాలుగు గుర్తులతో సరిపెడితే నాకు హుస్సేన్ సాగర్ వంకరపోయింది. పన్నెండు పెట్టాక దారికొచ్చింది.

విశాఖ_వింగ్‌మ్యాన్
ఒక్క మాట. బరేలీ ఇప్పటికీ పనిచేస్తున్న బేస్. రన్‌వే, ట్యాక్సీవే, టవర్ వరకు ఫర్వాలేదు. షెల్టర్లు, ఇంధన ట్యాంకులు ఉన్నవి ఉన్నట్టు పెట్టి పేర్లు రాయకండి. మా నాన్న వాయుసేనలో గ్రౌండ్ క్రూ, ఈ ప్రాజెక్ట్ గురించి చెప్పగానే ముఖం మాడ్చారు.

డెల్టా_బాబు
మ్యాప్‌లో కనపడేవేగా బ్రో, మనం కొత్తగా దాచేదేముంది?

విశాఖ_వింగ్‌మ్యాన్
కనపడటం వేరు, ఏది ఏమిటో రాసి అందరికీ పంచడం వేరు. మామూలు హ్యాంగర్లు నాలుగు పెట్టినా ఎగిరేవాడి సరదా ఏం తగ్గదు.

శీను_సిమ్
ఒప్పుకుంటున్నా, షెల్టర్లు పెట్టను. ఇంకో తలనొప్పి: ఎంత ఎత్తుకి పోయినా మాక్ 2.2 (ధ్వని వేగానికి 2.2 రెట్లు) దాటట్లేదు. డ్రాగ్ (గాలి నిరోధం) కాస్త తగ్గించినా పెద్దగా తేడా లేదు.

గోదారి_గాలి
డ్రాగ్‌ని ముట్టుకోకండి, మళ్లీ మొదటి అంకెలే పెట్టేయండి. ఇంజిన్ ఫైల్‌లో ఆఫ్టర్‌బర్నర్ (అదనపు ఇంధనం మండించే భాగం) థ్రస్ట్, అంటే తోపు, టేబుల్ చూడండి, చివరి అంకె మాక్ 2.0 అయి ఉంటుంది. టేబుల్ అయిపోయాక, విమానం కదలికను లెక్కకట్టే జేఎస్‌బీసిమ్ ప్రోగ్రామ్ ఆ చివరి విలువనే పట్టుకుని వేలాడుతుంది. ఆర్-15 ఇంజిన్ గొప్పంతా ఆ పైనే కదా! ఆ వేగంలో ఎదురుగాలి ఇంజిన్ ముందున్న ఇన్‌టేక్ గొట్టంలోనే నొక్కుకుపోయి లోపలికొస్తుంది. టేబుల్‌ని 2.8 దాకా పొడిగించండి. అలాగని గేట్లు ఎత్తేయకండి. అసలు విమానానికి పరిమితి 2.83. అది దాటితే ఇంజిన్ అతివేగంగా తిరిగి పాడవడం కూడా పెడితేనే మజా.

శీను_సిమ్
దొరికింది! టేబుల్ సరిగ్గా 2.0 దగ్గరే ఆగింది. పొడిగించాను, నిన్న రాత్రి 2.8 కొట్టింది. సెకనుకి దాదాపు 830 మీటర్లు. లెక్కేస్తే హైదరాబాద్ నుంచి విజయవాడకి ఐదు నిమిషాలు.

డెల్టా_బాబు
ఆ వేగానికి సీనరీ లోడ్ అవుతోందా? నాకైతే ముందంతా ఖాళీ నేల, వెనక్కి తిరిగి చూస్తే ఊళ్లు మొలుస్తున్నాయి 😂

శీను_సిమ్
నాకూ అంతే. 20 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఇళ్లెలాగూ కనపడవని పైన ఉన్నంతసేపు ఇళ్లు, చెట్లు ఆపేశాను. ఉత్తరాన నందాదేవి కనిపిస్తోంది, అది చాలు. కిందికి దిగినప్పుడే అసలు కామెడీ. బరేలీ చుట్టూ చెరకు తోటలుండాల్సిన చోట దేవదారు చెట్లు, ఎర్ర పెంకుల యూరప్ ఇళ్లు!

విశాఖ_వింగ్‌మ్యాన్
దిగాక వేగం తగ్గించే తోక పారాచూట్ విప్పారా?

శీను_సిమ్
విప్పాను, ఆగాక వదిలేశాను. మాయమైపోతుంది.

విశాఖ_వింగ్‌మ్యాన్
మాయమవకూడదు. రన్‌వే మీదే పడి ఉండాలి. మనుషులు వెళ్లి తెచ్చుకుంటారు, మళ్లీ మడత పెట్టాలి కదా. నాన్న మిగ్-21ల దగ్గర చేసింది ఆ పనే. ఈసారి ముఖం మాడ్చకుండా అరగంట చెప్పారు.

శీను_సిమ్
అయితే పెట్టాల్సిందే. పారాచూట్ తెచ్చుకునేవాళ్ల కోసం పాత మిలిటరీ లారీ మోడల్ ఎవరి దగ్గరైనా ఉందా?