సుల్తాన్ రెండో రాకడ: కుస్తీ గెలిచిందా, పాట గెలిచిందా?

జగదాంబ_మొదటాట:
2016 నాటి హిందీ సినిమా సుల్తాన్ మీద పాత తగువే. బిడ్డ పోయాక గోదా వదిలేసి పొట్ట పెంచుకున్న మల్లయోధుడు ఒక పాటలో మళ్లీ కసరత్తు పట్టి, కొట్టడం, తన్నడం, పట్లు అన్నీ చెల్లే ఎం.ఎం.ఏ. పోరు పంజరంలో నెగ్గుతాడు. పడిపోవడం నమ్మాను, లేవడం నమ్మలేదు. మీరేటంటారు?

గాజువాక_గోదా:
లెక్క చూడండి. కండ పోకుండా తగ్గాలంటే వారానికి అరకిలో, మహా అయితే కిలో. ఓ 15 కిలోల పొట్ట దించాలంటే ఎంత తొందరపడినా మూడున్నర నెలలు. నీళ్లు మానేసి, చెమట పట్టించి ఒక్కరోజులో రెండు కిలోలు దించొచ్చు. కానీ పోయేది నీరు, కొవ్వు కాదు. 2018 నుంచి కుస్తీలో పోటీ పొద్దున్నే తూకం, రెండోరోజు మళ్లీ తూకం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫొగాట్ 50 కిలోల ఫైనల్ 100 గ్రాములు ఎక్కువ తూగి పోయింది. కుస్తీ కథకి అసలు విలన్ కాటాయే.

సీతమ్మధార_సీను:
పాటలో నెలలు గడిపేయడం సినిమా పద్ధతి గురూ, దాన్ని కాటా ఎక్కిస్తే ఎలా? రణదీప్ హుడా పాత్ర ఉన్నదే కొట్టడం, తన్నడం నేర్పడానికి. హీరో మాత్రం పాత పట్లతోనే ఎత్తి పడేస్తాడు. మట్టిలో నేర్చింది పనికొచ్చిందన్నదే కథ.

గాజువాక_గోదా:
పట్టు పనికొస్తుంది, అలవాటే చంపుతుంది. కుస్తీలో రెండు భుజాలూ మ్యాట్‌కి ఆనితే ఆట ముగిసినట్టే. అందుకే పడగానే బోర్లా తిరగమని వస్తాదు మొదట్నుంచీ నూరిపోస్తాడు. పంజరంలో బోర్లా తిరిగావా, వీపు అప్పగించినట్టే. వెనకనుంచి చెయ్యి గడ్డం కింద దూరుతుంది. తల దించి కాళ్లకి దూకినా మెడ ఎదుటివాడి చంకలో ఇరుక్కుంటుంది. పెద్ద ఎత్తుకి కుస్తీలో 5 పాయింట్లు. ఇక్కడ పడేశాక పైనుండి కదలనివ్వకపోతే దాని విలువ అంతంతే. దమ్ము సంగతి సరేసరి: కుస్తీ మూడేసి నిమిషాలు రెండుసార్లు, మధ్యలో 30 సెకన్ల విరామం. ఎం.ఎం.ఏ.లో మామూలుగా ఒక్క రౌండే 5 నిమిషాలు. ఇంత సరుకు చేతిలో ఉండగా పోరుని హీరోకి తగిలిన గాయం మీద నడిపించారు.

సీతమ్మధార_సీను:
ఇవన్నీ హాల్లో ఎవరికి అర్థమవుతాయి? కోడి రామ్మూర్తి పేరు చెబితే మనవాళ్లకి గుర్తొచ్చేది తెంపిన గొలుసే, వేసిన పట్టు కాదు.

గాజువాక_గోదా:
మెడ నొక్కితే ఊపిరాడదని అర్థం కావడానికి చదువు కావాలేటి?

జగదాంబ_మొదటాట:
అయితే నా మాట మార్చుకుంటున్నా. నా పేచీ పాటతో కాదు, నేలమీద ఆటతో. సీనూ, అతను బోర్లా తిరిగి మెడ చిక్కించుకున్న షాట్ ఒక్కటుంటే నిమిషంతో సహా పెట్టు.