తొలిసారి రుచి చూసేవారికి మెత్తని ఐరిష్ విస్కీ ఏది?

ప్రశ్న – డబ్లిన్ నుంచి

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే నెల గుంటూరు నుంచి మా అన్నయ్య, వదిన మా ఇంటికి వస్తున్నారు. ఇద్దరికీ విస్కీ అలవాటు లేదు. అన్నయ్య చాలా ఏళ్ల క్రితం ఒక పెళ్లిలో స్నేహితుల బలవంతం మీద ఒక పెగ్గు పుచ్చుకొని, గొంతు మండిపోయి, మళ్లీ దాని జోలికి పోలేదు. అయినా ఐర్లండ్ దాకా వచ్చి ఇక్కడి విస్కీ రుచి చూడకుండా వెళ్లడమేమిటని ఇప్పుడు ఆయనే అడుగుతున్నారు. వదిన కూడా ఒక గుక్క చూస్తానన్నారు. నేను బీరు తప్ప మరొకటి ఎరుగను. బట్టీలో మూడుసార్లు కాచి దించినది మెత్తగా ఉంటుందని ఒకరు, వయసు ఎక్కువ ఉన్నదే కొనమని మరొకరు చెబుతున్నారు. 50 యూరోల లోపు ఒక సీసా కొనాలని నా ఆలోచన. దేనిని ఎంచుకోవాలో, ఎలా ఇవ్వాలో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం – కార్క్ నుంచి

మీకు అందిన రెండు సలహాల్లోనూ కొంత నిజం ఉంది, కానీ వాటిని నమ్ముకొని సీసా కొంటే మాత్రం చిక్కే. ముందుగా మంట సంగతి చూద్దాం. గొంతు మండడానికి మొదటి కారణం ఆల్కహాల్ శాతం, రెండవది తాగే తీరు. మిగిలినవన్నీ ఆ తరువాతే. మన దేశంలో విస్కీ సాధారణంగా 42.8 శాతంతో వస్తుంది, చవక రకాల్లో చాలావాటిలో చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్ కలుస్తుంది, పైగా పెళ్లిళ్లలో దానిని రుచి చూసే తీరిక ఎవరికీ ఉండదు. కాబట్టి మీ అన్నయ్యగారి పాత అనుభవాన్ని ఇక్కడి విస్కీకి అంటగట్టనక్కరలేదు.

ఇక్కడి చట్టం ప్రకారం ఐరిష్ విస్కీ ధాన్యం నుంచే తయారు కావాలి, ఐర్లండ్ ద్వీపంలోనే కనీసం 3 ఏళ్లు కొయ్య పీపాల్లో మాగాలి, 40 శాతానికి తగ్గకుండా సీసాలోకి ఎక్కాలి. బట్టీలో మూడుసార్లు కాచి దించడం చాలామంది పాటించే ఆచారమే తప్ప నిబంధన కాదు. జేమ్సన్, బుష్‌మిల్స్, టల్లమోర్ డ్యూ వంటివి ఆ ఆచారాన్ని పాటిస్తాయి. ప్రతి విడతలోనూ బరువైన వాసనలు కొన్ని వెనుక మిగిలిపోవడం వల్ల చేతికి వచ్చే సరుకు తేలికగా ఉంటుంది. స్కాట్లండ్‌లో ఎక్కువచోట్ల రెండుసార్లతో సరిపెడతారు. అయితే తేలికగా ఉండడం వేరు, నోటికి మెత్తగా ఉండడం వేరు. ఆ మెత్తదనాన్ని నా ఉద్దేశంలో పీపా, ధాన్యం ఎక్కువగా ఇస్తాయి.

ధాన్యం విషయంలో ఐర్లండ్‌కు సొంత పద్ధతి ఒకటి ఉంది. దాని పేరు పాట్ స్టిల్ విస్కీ. మొలకెత్తించిన బార్లీతో పాటు మొలకెత్తించని పచ్చి బార్లీని కూడా కలిపి, రాగి బట్టీల్లో దించుతారు. ఇప్పటి నియమాల ప్రకారం రెండూ చెరి 30 శాతానికి తగ్గకూడదు. 18వ శతాబ్దిలో మొలకెత్తించిన బార్లీ మీద పన్ను పడినప్పుడు, దాని భారం తగ్గించుకోవడానికి పచ్చి బార్లీ వాడకం పెరిగిందని చెబుతారు. పన్ను తప్పించుకోవడానికి చేసిన పని చివరికి ఒక దేశపు రుచిగా నిలిచిపోవడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. పచ్చి బార్లీ వల్ల విస్కీ నాలుక మీద మీగడలా పరుచుకొని, చివరలో మిరియం లాంటి చిన్న ఘాటును మిగులుస్తుంది. జేమ్సన్‌లో ఈ పాట్ స్టిల్ విస్కీని ఇతర ధాన్యాలతో చేసే తేలికపాటి గ్రెయిన్ విస్కీతో కలుపుతారు. రెడ్‌బ్రెస్ట్ 12లో మొత్తం పాట్ స్టిల్ విస్కీయే.

ఇక వయసు. సీసా మీద వేసే సంఖ్య అందులో కలిసిన విస్కీలలో అన్నింటికంటే చిన్నదాని వయసు. పీపాలో ఉన్నంతకాలమే వయసు పెరుగుతుంది, సీసాలోకి ఎక్కాక పదేళ్లు బీరువాలో దాచినా పెరగదు. మరీ ఎక్కువకాలం పీపాలో ఉంటే ఓక్ కొయ్య వగరు పట్టుకొనే ప్రమాదమూ ఉంది. కొత్తవారికి 18 ఏళ్ల సీసా కొనడం డబ్బు దండగ.

నా సలహా ఒక్కటే: ముందు సీసా కొనకండి. ఒక సాయంత్రం వారిని మంచి పబ్బుకు తీసుకెళ్లి జేమ్సన్, బుష్‌మిల్స్ వారి బ్లాక్ బుష్, రెడ్‌బ్రెస్ట్ 12 ఒక్కొక్క కొలత చొప్పున తెప్పించండి. ఇక్కడి పబ్బు కొలత 35.5 మిల్లీలీటర్లు, అంటే మన చిన్న పెగ్గు కంటే కాస్త ఎక్కువ. ముగ్గురూ మూడు గ్లాసులనూ పంచుకుంటే ఒక్కొక్కరికీ ఒక కొలతకు మించదు, మూడు రుచులూ తెలుస్తాయి. ఎవరి మొహం దేనికి వికసించిందో చూసి, మరునాడు దుకాణంలో అదే సీసా కొనండి.

సమాధానం – డబ్లిన్ నుంచి, మరొక సభ్యుడు

పబ్బు ఆలోచన బాగుంది. కానీ జేమ్సన్ స్థానంలో టీలింగ్ స్మాల్ బ్యాచ్ చెప్పి ఉండవలసింది. దానిని చివరలో రమ్ము పీపాల్లో ఉంచుతారు కనుక తీపి వాసన ఉంటుంది, మన నాలుకకు బెల్లపు పాకం గుర్తుకొస్తుంది. పైగా వారి బట్టీ డబ్లిన్‌లోని లిబర్టీస్ ప్రాంతంలోనే 2015 నుంచి నడుస్తోంది, చుట్టాలను తీసుకెళ్లి పని జరుగుతుండగా చూపవచ్చు. బో స్ట్రీట్‌లోని జేమ్సన్ భవనం చూడముచ్చటైనదే అయినా, అక్కడ బట్టీ 1971లోనే ఆగిపోయింది. ఇప్పుడు జేమ్సన్ అంతా కార్క్ కౌంటీలోని మిడిల్టన్‌లో తయారవుతుంది.

సమాధానం – కార్క్ నుంచి

మీరు చెప్పిన రుచి నిజమే, కానీ అది 46 శాతం ఆల్కహాల్ ఉన్న విస్కీ. అలవాటు ఉన్నవారికి ఆ అదనపు బలం ఆనందం, గొంతు మండిన జ్ఞాపకం ఉన్నవారికి అదే శత్రువు. పవర్స్ గోల్డ్ లేబుల్‌ను కూడా 43.2 శాతం ఉన్నందుకే నేను పక్కన పెట్టాను. కానమారా మంచి విస్కీయే గాని, పీట్ మట్టి పెళ్లల పొగ పట్టించిన బార్లీతో చేసినది కాబట్టి మొదటి రోజున అసలు వద్దు; పొగచూరిన కట్టెల పొయ్యి వాసన అని వదినగారు గ్లాసు పక్కన పెట్టేస్తారు.

ఒక్క సీసాయే కొనక తప్పకపోతే మాత్రం బ్లాక్ బుష్ కొనండి. 40 శాతం బలం, మాల్ట్ (మొలకెత్తించిన బార్లీతో చేసిన) విస్కీ వాటా ఎక్కువ, ఒలొరోసో షెర్రీ అనే ద్రాక్షసారా పట్టిన పీపాల వల్ల ఎండుద్రాక్ష, ఖర్జూరం రుచి తగులుతుంది, మీ బడ్జెట్‌లో సులువుగా వస్తుంది. రెడ్‌బ్రెస్ట్ 12 ఆ 50 యూరోలను దాటిపోతుంది. బుష్‌మిల్స్ సీసాల మీద కనిపించే 1608 అనే సంవత్సరం ఆ ప్రాంతానికి దక్కిన అనుమతిపత్రానిది. కంపెనీ నమోదైనది 1784లో. కొనుగోలుదారుకు దానితో పని లేదు, చుట్టాలకు చెప్పడానికి పనికొస్తుంది. ఇక్కడ 2022 నుంచి కనీస ధర నిబంధన ఉంది కనుక 70 సెంటీలీటర్ల, 40 శాతం సీసా ఏదైనా దాదాపు 22 యూరోలకు తగ్గదు. మరీ చవకైన దాని కోసం దుకాణాలు తిరగడం వృథా. దుకాణాల్లో రాత్రి 10 దాటితే మద్యం అమ్మరు, ఆదివారం మధ్యాహ్నం 12.30కి గాని మొదలుపెట్టరు.

ఇచ్చే తీరు గురించి మరికొంత. ఖాళీ కడుపుతో వద్దు. ముక్కును గ్లాసులోకి దూర్చకుండా అంచుకు కాస్త పైన ఉంచి, నోరు కొద్దిగా తెరిచి వాసన చూడమనండి. తొలి గుక్క చాలా చిన్నదిగా తీసుకొని, నోటిలో ఒకసారి తిప్పి మింగాలి. రెండవ గుక్కకే అసలు రుచి తెలుస్తుంది. ఆ తరువాత ఒక చెంచా నీళ్లు కలపండి. ఐసు చల్లదనం మంటతో పాటు వాసననూ అణచేస్తుంది కాబట్టి మొదటి గ్లాసులో వద్దు. గుంటూరు వారికి చెప్పడం సాహసమే గాని, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టకండి: కారానికి ఆల్కహాల్ తోడైతే మంట రెట్టింపై, తప్పు విస్కీ మీద పడుతుంది. వేయించిన జీడిపప్పు చాలు. వదినగారికి నేరుగా నచ్చకపోతే ఇక్కడివారు చలికాలంలో తాగే హాట్ విస్కీ చేసి ఇవ్వండి; లవంగాలు గుచ్చిన నిమ్మచెక్క, కాస్త చక్కెర, వేడినీళ్లు, ఒక కొలత విస్కీ. అన్నయ్యగారు మాత్రలు ఏవైనా వాడుతుంటే ముందే వైద్యుని అడగమనండి. తిరిగి వచ్చేటప్పుడు కారు మీరు నడపకండి. లువాస్ ట్రామ్ ఉండనే ఉంది.

అడిగినవారు – ఆరు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే మూడు గ్లాసులూ తెప్పించాము. అన్నయ్య మొదట ముక్కు లోపలికి పెట్టేసి ఉలిక్కిపడ్డారు, నేను ముందే చెప్పడం మరచిపోయాను. జేమ్సన్‌కు ఇద్దరూ పరవాలేదన్నారు. బ్లాక్ బుష్ రెండవ గుక్కకు అన్నయ్య, ఇది మండదేమిటని నన్ను అనుమానంగా చూశారు. రెడ్‌బ్రెస్ట్‌ను మాత్రం వదిన ఎవరికీ ఇవ్వకుండా తానే పూర్తిచేశారు. నీళ్లు కూడా వద్దన్నారు. ఇంటికి బ్లాక్ బుష్ కొన్నాను. ఇప్పుడు వారు ఊరికి సీసాలు పట్టుకెళ్తామంటున్నారు. ఒక్కొక్కరు మూడేసి తీసుకోవచ్చునా?

సమాధానం – కార్క్ నుంచి

తీసుకోకపోవడమే మంచిది. భారతదేశపు కస్టమ్స్ నియమాల ప్రకారం ఒక్కొక్కరికి సుంకం లేకుండా 2 లీటర్ల వరకే అనుమతి. 70 సెంటీలీటర్ల సీసాలు మూడు కలిస్తే 2.1 లీటర్లు అవుతాయి, ఆ కాస్తకే ఇబ్బంది. మనిషికి రెండు చొప్పున తీసుకోమనండి. దారిలో విమానం మారాలి కనుక, బట్టల మధ్య చుట్టి చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టమనండి.