పట్టు దుకాణానికి మెటావర్స్‌లో స్థలం కొనమంటున్నారు: వ్యాపారానికి పనికివస్తుందా?

జోడుపట్టు, బరంపురం

అందరికీ నమస్కారం. బరంపురంలో మా తాతగారి కాలం నుంచి పట్టుచీరలు, మగవారు కట్టే పట్టు జోడుల వ్యాపారం చేస్తున్నాము. ఇంట్లో తెలుగు, అంగట్లో ఒడియా, బిల్లు మీద ఇంగ్లిషు అన్నట్టుగా సాగే దుకాణం మాది. ఫోడా కుంభ అంచు గల మా ఊరి పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది, పేరూ ఉంది. అయినా చేతితో పట్టి చూడకుండా పట్టుచీర కొనేవారు తక్కువ.

ఇటీవల ఒక ప్రచార సంస్థ ప్రతినిధి వచ్చి మా నాన్నగారి ముందు ఒక ప్రతిపాదన పెట్టారు. మెటావర్స్ అనే వర్చువల్ లోకంలో, అంటే కంప్యూటరులో బొమ్మగా కట్టిన లోకంలో, స్థలం కొని, అందులో మా దుకాణాన్ని త్రీడీలో కట్టి ఇస్తారట. కొనుగోలుదారులు తలకు హెడ్‌సెట్ తగిలించుకొని, అవతార్ రూపంలో, అంటే తమకు బదులు తిరిగే బొమ్మ మనిషిగా, లోపలికి నడిచి వచ్చి, చీరలు తిప్పి చూసి ఆర్డరు ఇస్తారట. స్థలానికి ఒకసారి, నిర్వహణకు నెలనెలా డబ్బు కట్టాలి. 2021లో గూచీ సంస్థ రోబ్లాక్స్ ఆటలో పెట్టిన బొమ్మ సంచి ఒకటి, అసలు తోలు సంచి కంటె ఎక్కువ ధరకు చేతులు మారిందని ఆయన ఉదాహరణ చూపించారు. ఆ వార్త నిజమేనని నేను విడిగా చదివి తెలుసుకున్నాను. అయితే ఆ సంచి కోసం పోటీపడిన ఆటగాళ్లకూ, కూతురి పెళ్లికి పట్టు తీసే మా ఖాతాదారులకూ పోలిక ఎక్కడ ఉన్నదో నాకు బోధపడలేదు.

ఇలాంటి లోకాల వల్ల నిజంగా లాభపడిన వ్యాపారాలు ఏవి, వారు వాటిని దేనికి వాడుకున్నారు, మా వంటి చిన్న దుకాణం అందులో నుంచి ఏమి తీసుకోవచ్చు అన్నది తెలిసినవారు చెప్పగలరా? సూరత్‌లో స్థిరపడిన గంజాం కుటుంబాలు, విశాఖ, హైదరాబాదుల్లోని మన బంధువర్గం మా ముఖ్యమైన దూరపు ఖాతాదారులు. వారిలో హెడ్‌సెట్ ఉన్న ఇల్లు ఒక్కటి కూడా నాకు తెలియదు.

త్రీడీ మాస్టారు, గుణుపురం

జోడుపట్టు గారికి, మీ చివరి వాక్యంలోనే సగం జవాబు ఉంది. మిగిలిన సగం చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే మీకు ఇప్పుడు అమ్మజూపుతున్న సరుకు కొత్తది కాదు.

శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన లిండెన్ ల్యాబ్ 2003లో సెకండ్ లైఫ్ అనే లోకాన్ని తెరిచింది. దానికి సొంత నాణెం ఉంది, స్థలం ఉంది, ఆ స్థలానికి నెలవారీ రుసుము కూడా ఉంది. 2006 ప్రాంతంలో పెద్ద పెద్ద కంపెనీలు అందులో దీవులు కొని భవనాలు కట్టాయి. రాయిటర్స్ వార్తాసంస్థ విలేఖరిని కూర్చోబెట్టింది. స్వీడన్ దేశం 2007లో ఒక రకమైన రాయబార కార్యాలయం తెరిచింది. అమెరికన్ అపారెల్ అనే బట్టల కంపెనీ 2006లో అక్కడ దుకాణం పెట్టి మరుసటి ఏడాదే మూసివేసింది. అక్కడ ఒక ప్రాంతంలో ఒకేసారి కొన్ని పదుల అవతార్‌లు మాత్రమే పడతాయి. కనుక జనం రాకపోతే దుకాణం పాడుబడినట్టు కనిపిస్తుంది, వస్తే సర్వరు తట్టుకోలేదు. మామూలు వెబ్‌పేజీకి ఈ అవస్థ లేదు.

ఇంకొక విషయం గమనించండి. సెకండ్ లైఫ్ ఇప్పటికీ నడుస్తోంది, అక్కడ డబ్బు సంపాదిస్తున్నవారూ ఉన్నారు. అయితే వారిలో ఎక్కువమంది అక్కడి నివాసులకే, అక్కడ తొడుక్కునే బట్టలు, అక్కడ వేసుకునే ఇళ్లు చేసి అమ్మే పనివారు. మీ ప్రతినిధి చూపించిన గూచీ సంచి కూడా ఈ కోవలోదే. ఆ లోకంలో పుట్టిన వస్తువు ఆ లోకంలోనే అమ్ముడుపోతుంది. బయటి వస్తువును లోపల అమ్మబోయినవారే ఎక్కువగా దెబ్బతిన్నారు. నైకీ వంటి సంస్థ 2021 డిసెంబరులో ఆర్టిఫాక్ట్ అనే డిజిటల్ బూట్ల కంపెనీని కొని, 2024 డిసెంబరులో దాని కార్యకలాపాలు ముగిస్తున్నట్టు ప్రకటించింది.

మరి లాభపడినది ఎవరు అంటే, అమ్మకాన్ని పక్కన పెట్టి ఈ లోకాలను లోపలి పనులకు వాడుకున్నవారు. ఐబీఎం 2008లో తన సాంకేతిక నిపుణుల సదస్సును సెకండ్ లైఫ్‌లో జరిపి, ప్రయాణ, వసతి ఖర్చులు మిగిలాయని చెప్పుకుంది. వాల్‌మార్ట్ 2018లో తన దుకాణాలకు 17,000 హెడ్‌సెట్లు పంపుతున్నట్టు ప్రకటించింది. అవి ఉద్యోగుల శిక్షణకు, అంటే పండుగ రద్దీ వంటి పరిస్థితులను ముందుగా అభ్యాసం చేయించడానికి ఉద్దేశించినవి. బీఎండబ్ల్యూ కంపెనీ హంగరీలోని డెబ్రెసెన్ కర్మాగారాన్ని నేల మీద పూర్తి చేయకముందే ఎన్విడియా వారి సాఫ్ట్‌వేరులో ఆసాంతం కట్టి, యంత్రాలు ఒకదానికొకటి అడ్డం వస్తాయా, మనిషి చేయి అందుతుందా అని సరిచూసుకుంది. కాంక్రీటు పోసిన తరువాత బయటపడే తప్పు ముందే బయటపడితే మిగిలే డబ్బు ఎంతో పారిశ్రామికవేత్తలకు వేరే చెప్పనక్కరలేదు.

స్థలం సంగతికి వస్తే, అది బ్లాక్‌చెయిన్ టోకెన్ (క్రిప్టో నాణేల వంటి ఉమ్మడి డిజిటల్ ఖాతాలో నమోదయ్యే హక్కు) రూపంలో ఉన్నదా అని తప్పక అడగండి. అలాంటిదైతే మన ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో అది వర్చువల్ డిజిటల్ ఆస్తి కిందికి వస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి అమ్మకపు లాభం మీద 30 శాతం పన్ను, నష్టం వస్తే ఇతర ఆదాయంలో సర్దుకోవడానికి వీలు లేదు. పైగా ఆ లోకం రేపు ఉంటుందన్న హామీ ఎవరు ఇస్తారు? మైక్రోసాఫ్ట్ చేతిలో ఉన్న ఆల్ట్‌స్పేస్ వీఆర్ అనే ఇలాంటి లోకమే 2023 మార్చిలో మూతపడింది. బ్రౌజరులోనే తెరుచుకునే వర్చువల్ గదులు ఇచ్చే మొజిల్లా వారి హబ్స్ సేవ 2024 మే నెలాఖరున నిలిచిపోయింది. హబ్స్ కోడు అందరికీ తెరిచి ఉన్నది గనుక ఓపిక ఉన్నవారు సొంత సర్వరు మీద నడుపుకోగలుగుతున్నారు.

మీ దుకాణం వరకు నేను సూచించేది ఏమిటంటే, హెడ్‌సెట్‌ను మరచిపోయి ఫోను బ్రౌజరులో తెరుచుకునే త్రీడీ చీరను, మీ నేతగాళ్ల మగ్గాల గది 360 డిగ్రీల చిత్రాన్ని మీ సొంత వెబ్‌సైటులో పెట్టుకోండి. త్రీడీ నమూనాలకు క్రోనోస్ గ్రూప్ తయారుచేసిన జీఎల్‌టీఎఫ్ అనే ఉమ్మడి ఫైలు పద్ధతి ఉంది. బట్ట మీద పడే మెత్తని నిగారింపును, చూసే కోణాన్ని బట్టి మారే మెరుపును చూపడానికి అందులో వేరువేరు ఏర్పాట్లు కూడా చేర్చారు. పట్టుకు కావలసినవి సరిగ్గా ఆ రెండే.

అచ్చుకట్టు, బరంపురం

మాస్టారు గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు గాని, త్రీడీ చీర దగ్గర ఆగవలసి వస్తున్నది. నేను మగ్గానికి డిజైన్లు గీసే మనిషిని. పడుగు (నిలువు పోగులు) ఒక రంగు, పేక (అడ్డం పోగులు) మరొక రంగు వేసి నేసిన నెమలికంఠం చీరను వెలుతురులో ఒకసారి, నీడలో ఒకసారి చూస్తేగాని దాని అసలు రంగు ఏమిటో నేసినవారికే తెలియదు. ఏ ఫైలు ఎంత మెరుపు చూపినా, చూసే ఫోను తెర తన ఇష్టం వచ్చిన రంగులో చూపుతుంది. బరువు, ఒరిపిడి, మడత పెట్టినప్పటి చప్పుడు, ఇవేవీ అందులో రావు. తెర మీద చూసి ఆశపడిన ఖాతాదారు చీర చేతికి వచ్చాక తిప్పి పంపితే, రానుపోను ఖర్చు దుకాణం మీద పడుతుంది, మాట నేతగాడి మీద పడుతుంది.

అయితే ఇదే త్రీడీ పని అమ్మకానికి కాక నేతకు ముందు వాడితే చాలా మేలు చేస్తుంది. పడుగు ఒకసారి మగ్గానికి ఎక్కించాక రంగు మార్చడం కుదరదు, ఆ పడుగు మీద చీరలు వరుసగా దిగవలసిందే. గ్రాఫు కాగితం మీద గళ్లు చూసి కొంగు ఎలా జారుతుందో, అంచు కుచ్చిళ్లలో ఎలా విరుగుతుందో ఊహించడం మాకు అలవాటే గాని, చీర నేయించుకునేవారికి అది అసాధ్యం. కట్టిన చీర బొమ్మ మీద డిజైను పరచి చూపితే, అంచు ఒక అంగుళం పెంచమనో బుటాలు దూరం చేయమనో వారు పడుగు ఎక్కకముందే చెప్పగలుగుతారు. దానితో పాటు రంగు వేసిన నూలు ముక్కలను టపాలో పంపండి. రంగుకు నూలు, కూర్పుకు తెర, అంతే.

ఇంకొక హెచ్చరిక. కొత్త డిజైనును పెద్ద స్పష్టతతో ఆ లోకంలో వేలాడదీస్తే, దానిని చూసి మరమగ్గం మీద దించుకునేవారికి మన చేతులతో మనమే అందించినట్టు అవుతుంది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకుంటే మొదట 10 ఏళ్లు, ఆపై మరో 5 ఏళ్లు రక్షణ దొరుకుతుంది. కానీ దరఖాస్తు కంటె ముందే డిజైనును బహిరంగపరిస్తే కొత్తదనం పోయిందని ఆ రక్షణ దక్కకుండా పోవచ్చు. ప్రచార సంస్థలవారు ఈ ముక్క చెప్పరు.

బొగ్గుగని, బల్లార్షా

జోడుపట్టు బాబూ, నాకు బట్టల వ్యాపారం తెలియదు. చందా (చంద్రపూర్) జిల్లా బొగ్గుగనుల్లో పనిచేసి, చివరి ఏళ్లలో కొత్తవారికి శిక్షణ ఇచ్చి విరమించాను. వర్చువల్ లోకం ఎక్కడ పనికివస్తుంది అన్న ప్రశ్నకు నా అనుభవం కొంత ఉపయోగపడవచ్చునని రాస్తున్నాను.

గనిలోకి దిగబోయే ప్రతి కార్మికుడికీ 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాల ప్రకారం ముందుగా శిక్షణ ఇవ్వాలి. ఎక్కువ భాగం నల్లబల్ల మీద, పటాల మీద చెబుతాము. గాలిలో మీథేన్ సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుందని బల్ల మీద రాయగలము, కాని పేలుడు వాతావరణంలో మనిషిని నిలబెట్టి నేర్పలేము. పొగ కమ్మిన గని సొరంగంలో సెల్ఫ్ రెస్క్యూయర్ (విషవాయువు నుంచి కాపాడే ఊపిరి పరికరం) నోటికి పెట్టుకొని ఏ దారిన బయటపడాలో నిజంగా పొగ పెట్టి అభ్యాసం చేయించడం కష్టం. ఇలాంటి చోట హెడ్‌సెట్ అక్షరాలా ప్రాణం కాపాడే వస్తువు. ధన్‌బాద్‌లోని ఐఐటీ ఐఎస్ఎంలో గనుల కోసం వర్చువల్ రియాలిటీ సిమ్యులేటరు పెట్టినదీ అందుకే. తప్పు చేస్తే ఏమవుతుందో చూపించి, మనిషిని క్షేమంగా ఇంటికి పంపవచ్చు. దామన్‌జోడి అల్యూమినా కర్మాగారం, సునాబెడ విమాన ఇంజన్ల కర్మాగారం వంటివి మీ వైపున ఉన్నాయి. అలాంటి చోట్ల దీని ఉపయోగం గురించి ఎవరూ వాదించవలసిన పని ఉండదు.

దీనికీ హద్దు ఉంది. గనిలో పైకప్పు గట్టిగా ఉన్నదా, డొల్లబారిందా అని కర్రతో తట్టి చూస్తాము. డొల్ల చప్పుడును హెడ్‌సెట్ వినిపించగలదు. కర్ర ద్వారా అరచేతికి వచ్చే అదురును ఇవ్వలేదు. పాతకాపులు చెవి కంటె చేతినే ఎక్కువ నమ్ముతారు. అచ్చుకట్టు గారు పట్టు గురించి చెప్పినది చదువుతుంటే నాకు అదే తోచింది. చేతి పని నేర్పవలసిన చోట ఈ యంత్రం సగం దాకానే తీసుకుపోతుంది.

మరొకటి, మొదటిసారి పెట్టుకున్నవారిలో కొందరికి తల తిరుగుతుంది, కడుపులో వికారం పుడుతుంది. తల తిప్పిన వేగాన్ని బొమ్మ అందుకోలేకపోవడం, శరీరం కదలకుండానే కన్ను మాత్రం కదిలినట్టు భ్రమపడడం అందుకు కారణాలు. శిక్షణలో అయితే కూర్చోబెట్టి మళ్లీ మొదలుపెడతాము. మీ దుకాణంలో పెళ్లివారికి అలా జరిగితే బేరం అక్కడితో సరి.

జోడుపట్టు, బరంపురం

ముగ్గురికీ కృతజ్ఞతలు. నాన్నగారికి చదివి వినిపించాను; స్థలం కొనే ఆలోచన మానుకున్నాము. అచ్చుకట్టు గారు చెప్పినట్టు, పెళ్లి ఆర్డర్లకు నేత ముందు నమూనా చూపే పని మాత్రం చేయించాలని ఉంది. అదే ప్రచార సంస్థ ఆ పని కూడా చేస్తామంటోంది. ఒప్పందంలో ఏమి రాయించుకోవాలి?

త్రీడీ మాస్టారు, గుణుపురం

రంగు విషయంలో అచ్చుకట్టు గారి మాటే సరి, నూలు ముక్కలు పంపకుండా ఏ ఆర్డరూ ఖాయం చేయవద్దు. కొంగు, అంచు, కుచ్చిళ్ల కూర్పు వరకే త్రీడీని నమ్మండి.

ఒప్పందంలో మొదట ఫైళ్ల సంగతి రాయించండి. నమూనా ఫైళ్లు జీఎల్‌టీఎఫ్ రూపంలోను, వాటిని తయారుచేసిన మూల ఫైళ్లతో సహా, పని పూర్తయిన రోజునే మీకు అప్పగించాలి. వారి సర్వరు మీద మాత్రమే తెరుచుకునే లింకును అప్పగింతగా ఒప్పుకోవద్దు. డిజైను మీద హక్కు మీదేనని, మీ రాతపూర్వక అనుమతి లేకుండా మరొక దుకాణానికి గాని తమ ప్రచారానికి గాని వాడకూడదని ఉండాలి. నెలవారీ రుసుము అడిగితే అది దేనికో విడమరచి రాయమనండి. సామాన్యమైన ఫోనులో, పల్లెలో దొరికే సిగ్నలు మీద నమూనా తెరుచుకోవాలన్న షరతు పెట్టి, డబ్బు చివరి వాయిదా ఇచ్చే ముందు ఆ ఫోనును మీ చేతిలో పట్టుకొని చూడండి. నమూనా లింకు ఆ ఖాతాదారుకు మాత్రమే తెరుచుకునేలా తాళం వేయమనండి, డిజైను నమోదు దరఖాస్తు వేసే దాకా అది మరెవరికీ కనిపించకూడదు.