రేణిగుంటలో 716 ఎటు పోతుంది? హైవే నంబర్లతో దారి తప్పినవాళ్లు చెప్పండి

రేణిగుంటవాసి
అందరికీ నమస్కారం. మా చిన్నమ్మ కొడుకు వాళ్లు చెన్నైలో ఉంటారు. పోయిన నెల కొండకు వచ్చారు. దర్శనం అయ్యాక శ్రీకాళహస్తి కూడా చూసుకుని, తిరుత్తణి మీదుగా ఇంటికి పోతామని సాయంత్రం బయల్దేరారు. దారి నేనే ఫోన్‌లో చెప్పాను. "రేణిగుంట దాకా 71 మీద రా, అక్కడ 716 పట్టుకో, తిరుత్తణి వచ్చేస్తుంది" అన్నాను.

అరగంటకు మళ్లీ ఫోన్. "716 మీదే ఉన్నాం అక్కా, పుత్తూరు రావట్లేదు. రెండు పక్కలా అడవే కనిపిస్తోంది." వెనక సీట్లో పాప ఏడుపు నాకు వినిపిస్తోంది. ఏ ఊరు దాటారని అడిగితే మామండూరు అన్నాడు. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. వాళ్లు కడప రోడ్డులో పోతున్నారు! చీకటి పడే వేళ శేషాచలం అడవి పక్కన బండి తిప్పుకుని మళ్లీ రేణిగుంటకు వచ్చేదాకా నేను ఫోన్ పెట్టలేదు.

తర్వాత చూస్తే నేను చెప్పిన నంబరూ తప్పు కాదు, వాడు చదివిన బోర్డూ తప్పు కాదు. రేణిగుంట నుంచి పుత్తూరు వైపు పోయే రోడ్డుకూ 716 నంబరే, కోడూరు వైపు పోయే రోడ్డుకూ 716 నంబరే. అసలు ఈ నంబర్లు ఏ లెక్కన పెడతారు? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

టమాటా లోడు
అక్కా, మదనపల్లె నుంచి చెన్నైకి టమాటా తోలుతూ ఇరవై రెండేళ్లయింది నాకు. మా లారీవాళ్లం నంబరు చూసి తోలం, ఊరు చూసి తోలుతాం. పీలేరు, భాకరాపేట ఘాట్, తిరుపతి, పుత్తూరు, నగరి, తిరుత్తణి. అంతే.

కానీ నంబరుతో మేమూ పడ్డాం. నేను క్లీనర్‌గా చేరినప్పుడు ఈ రోడ్డంతా ఒకటే నంబరు, 205. అనంతపురంలో ఎక్కితే కదిరి, మదనపల్లె, తిరుపతి మీదుగా చెన్నైలో దిగేదాకా రాళ్ల మీద 205 నంబరే. ఇప్పుడు అదే రోడ్డుకు మూడు నంబర్లు. అనంతపురం నుంచి మదనపల్లె దాకా 42. మదనపల్లె నుంచి రేణిగుంట దాకా 71. అక్కడ్నించి చెన్నైకి 716. పాత డ్రైవర్లు నేటికీ "టూ నాట్ ఫైవ్ మీద ఉన్నా" అనే చెబుతారు. కొత్తగా చేరిన పిల్లలకు అది అర్థం కాదు, వాళ్ల ఫోన్ మ్యాపులో అట్లాంటి నంబరే దొరకదు.

పాత మ్యాపులు
నేను ముప్పై ఏళ్లు బడిలో సాంఘికశాస్త్రం చెప్పాను. ఈ విషయం మీద నాకు చాలా ఇష్టం, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

2010లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ జాతీయ రహదారుల నంబర్లన్నీ మార్చేసింది. అంతకు ముందున్న నంబర్లకు దిక్కుతో సంబంధం లేదు. కొత్త పద్ధతికి మాత్రం ఒక లెక్క ఉంది. ఉత్తర దక్షిణాలుగా పోయే పెద్ద రోడ్లకు సరి సంఖ్య. తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసి సంఖ్య. సరి సంఖ్యలు దేశానికి తూర్పున చిన్నవిగా మొదలై పడమరకు పోయేకొద్దీ పెరుగుతాయి. బేసి సంఖ్యలు ఉత్తరాన మొదలై దక్షిణానికి వచ్చేకొద్దీ పెరుగుతాయి.

దీన్ని మన ప్రాంతంలోనే బండి మీద పోతూ సరిచూసుకోవచ్చు. నాయుడుపేటలో 71 ఎక్కండి. అక్కడ మీరు వదిలేది కోల్‌కతా నుంచి చెన్నై పోయే 16. పడమరకు తిరగండి. పీలేరులో అడ్డంగా వచ్చేది కర్నూలు నుంచి చిత్తూరు మీదుగా రాణిపేట పోయే 40. మదనపల్లెలో తగిలేది 42. ఇంకా పడమరకు పోతే పెనుకొండలో 44, తుమకూరులో 48, చివరికి మంగళూరు సముద్రం ఒడ్డున 66. పడమరకు పోతున్నకొద్దీ సంఖ్య పెరిగింది కదా! ఇది పిల్లలకు చెప్పినప్పుడు వాళ్ల కళ్లు వెలగడం నేను చూశాను.

మూడంకెల నంబరు కనిపిస్తే చివరి రెండంకెలు తల్లి రోడ్డు, ముందున్న అంకె ఎన్నో పిల్ల అని గుర్తు. 140 అంటే 40 పిల్ల. కత్తిపూడి నుంచి కాకినాడ, మచిలీపట్నం మీదుగా ఒంగోలు పోయే 216 అంటే 16 పిల్ల. ఆ పిల్ల రోడ్డుకు మళ్లీ చిన్న కొమ్మ పుడితే ఏ, బీ అని అక్షరం తగిలిస్తారు. పుత్తూరు నుంచి నాగలాపురం, ఊత్తుకోట వైపు పోయేది 716ఏ. చిత్తూరు నుంచి తచ్చూరుకు వేస్తున్న ఆరు వరుసల రోడ్డు 716బీ.

బండి కొత్త
సార్, అంటే 716 అనేది 71కి పిల్ల కాదా? నేను ఇన్నాళ్లూ 71 నుంచి చీలింది కాబట్టి 716 అనుకున్నా. రేణిగుంటలో రెండూ కలుస్తాయి కదా!

పాత మ్యాపులు
కాదు బాబూ. చివర నుంచి చదవాలి. 7 పక్కన 16. చెన్నైలో మొదలై తిరువళ్లూరు, తిరుత్తణి, నగరి, పుత్తూరు, రేణిగుంట, కోడూరు, రాజంపేట, కడప మీదుగా ముద్దనూరు దాకా పోతుంది. 71కీ దానికీ చుట్టరికం లేదు, రేణిగుంటలో ఎదురుపడతాయి అంతే. మీలాగే అనుకునేవాళ్లు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. తప్పు మీది కాదు, ఆ రెండు నంబర్లూ ఒకే ఊళ్లో పక్కపక్కన రావడం వల్ల వచ్చిన చిక్కు అది.

మామిడితోట, బంగారుపాళ్యం
సార్ లెక్క బాగుంది కానీ నాకు ఒకచోట కుదరలేదు. బేసి సంఖ్య దక్షిణానికి పోయేకొద్దీ పెరగాలి అన్నారు. మా తోట ముందర పలమనేరు నుంచి చిత్తూరు పోయే రోడ్డు 69. తిరుపతి రోడ్డు 71. తిరుపతి మాకు ఉత్తరాన కదా ఉండేది? అంటే 71 పైన, 69 కింద ఉన్నాయి. తిరగబడింది.

పాత మ్యాపులు
మీరు చెప్పింది నిజమే, బాగా పట్టారు. 69 కర్ణాటకలో సముద్రం ఒడ్డున హొన్నావర దగ్గర మొదలవుతుంది. అక్కడ అది మన తిరుపతి కంటే కూడా ఉత్తరాన ఉంటుంది. శివమొగ్గ, సిరా, చిక్కబళ్లాపుర, ముళబాగిలు మీదుగా వాలుగా కిందికి దిగుతూ వచ్చి చిత్తూరులో ఆగుతుంది. రోడ్లు గళ్ల కాగితం మీద గీతల్లా తిన్నగా ఉండవు. కాబట్టి ఈ లెక్క దేశం మొత్తం మీద చూస్తే కుదురుతుంది, రెండు పక్క మండలాల మధ్య చూస్తే తిరగబడొచ్చు.

చిత్తూరు మిఠాయి
మాది చిత్తూరులో హైవే మీద అంగడి. నాన్న కాలంలో మా రోడ్డు పేరే నాలుగో నంబరు. ముంబై నుంచి బెంగళూరు, చిత్తూరు మీదుగా చెన్నై పోయే ఎన్‌హెచ్ 4. మా పాత బిల్లు పుస్తకాల మీద అదే అచ్చు వేయించాం. ఇప్పుడు నాలుగో నంబరు రోడ్డు అండమాన్‌లో ఉంది, పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) వైపు. తెలిసిన రోజు నాన్నకు నిజంగా బాధేసింది. మాకు ఇప్పుడు బెంగళూరు వైపు 69, రాణిపేట వైపు 40, అక్కడ కలిసేది 48.

బిల్లు పుస్తకం మార్చాం గానీ, పాత కస్టమర్లకు అడ్రస్ చెప్పేటప్పుడు ఇంకా "పాత ఎన్‌హెచ్ 4" అనే అంటాను. అది అంటేనే వాళ్లు వస్తారు.

పాత మ్యాపులు
ఇంకో రెండు కూడా చెబుతాను. మన కోస్తా వాళ్ల అయిదో నంబరు ఇప్పుడు పంజాబ్ నుంచి సిమ్లా మీదుగా పైకి పోతుంది. హైదరాబాద్, బెంగళూరు మధ్య ఏడో నంబరు అనేవాళ్లం, అది 44లో కలిసిపోయింది. ఇప్పటి 7 బదరీనాథ్ వైపు ఉంది. అందుకే పాత పుస్తకం, కొత్త మ్యాపు పక్కపక్కన పెట్టుకుని దారి చూడొద్దు.

పూతలపట్టు మలుపు
నాకు జరిగింది చెబుతాను, ఎవరికైనా పనికొస్తుందని.

మూడేళ్ల కింద రాత్రి పదిన్నరకు అమ్మను తిరుపతి ఆసుపత్రి నుంచి చిత్తూరుకు తీసుకొస్తున్నా. కాశిపెంట్ల దాటాక ఇంజిన్ వేడెక్కి బండి ఆగిపోయింది. బీమా కంపెనీ నంబరుకు ఫోన్ చేసి "హైవే మీద ఉన్నా, పూతలపట్టుకు ఇవతల" అన్నా. ఏ హైవే అని అడిగితే టెన్షన్‌లో "ఎన్‌హెచ్ ఫార్టీ" అనేశా. చిత్తూరు రోడ్డు అంటే నాకు తెలిసింది అదే.

పూతలపట్టులో రోడ్డు రెండుగా చీలుతుంది. కల్లూరు, పీలేరు వైపు పోయేది 40. తిరుపతికి పోయేది 140. బండి లాక్కుపోయే అతను నా మాట నమ్మి కల్లూరు దాకా పోయాడు. అక్కడ నేను లేను. నాకు ఫోన్ చేసి "సార్, మీరు ఎటు చూసినా కనపడట్లేదు" అంటున్నాడు. నేనేమో "రోడ్డు మీదే నిలబడి ఉన్నా" అంటున్నా. పాపం అతనికి ఎటు తిరగాలో, నాకు ఏం చెప్పాలో తెలియదు. అమ్మకు అప్పుడే కుట్లు వేశారు, సీట్లో ఒరిగి కూర్చుని "ఏం ఫరవాలేదు నాయనా" అంటోంది. గంటన్నర పట్టింది.

చివరికి నన్ను కాపాడింది కిలోమీటర్ రాయి. ఫోన్ లైటు వేసుకుని కొంచెం దూరం నడిచా. పైన పసుపు, కింద తెలుపు ఉన్న రాయి. పసుపు మీద 140 అని ఉంది. ముందు 1 మీద మట్టి చిమ్మి ఉంటే చేత్తో తుడిచా. కింద కిలోమీటర్ల సంఖ్య. దాని తర్వాత చిన్న చిన్న రాళ్లు 2, 4, 6, 8 అని ఉంటాయి, రెండు వందల మీటర్లకొకటి. ఆ రాయి సంఖ్య, పక్కన చిన్న రాయి మీద 6 అని చెప్పా. పదిహేను నిమిషాల్లో వచ్చేశాడు.

అప్పటి నుంచి ఎక్కడ బండి ఆపినా మొదట రాయి చూస్తా. జాతీయ రహదారి మీద కష్టం వస్తే 1033కి ఫోన్ చేయొచ్చు, వాళ్లకూ ఇదే చెప్పాలి: రోడ్డు నంబరు, రాయి సంఖ్య, ఏ ఊరి నుంచి ఏ ఊరి వైపు పోతున్నామన్నది. మూడూ కావాలి.

రేణిగుంటవాసి
చదువుతుంటే గుండె బరువెక్కింది అన్నా. అమ్మగారు ఇప్పుడు ఎలా ఉన్నారు?

పూతలపట్టు మలుపు
బాగున్నారు అక్కా, దేవుడి దయ.

ఏర్పేడు అల్లుడు
సార్, మా అత్తగారి ఊరు ఏర్పేడు. అక్కడ వెంకటగిరి వైపు తిరిగే రోడ్డు మీద 565 అని ఉంది. లెక్క ప్రకారం తల్లి 65 కావాలి. 65 అంటే విజయవాడ, హైదరాబాద్ రోడ్డు కదా, ఏర్పేడులో దాని పిల్ల ఏం చేస్తోంది?

పాత మ్యాపులు
అది చాలా పొడుగు పిల్ల. తెలంగాణలో నకిరేకల్ దగ్గర 65 నుంచి విడిపోయి నల్గొండ, మాచర్ల, కనిగిరి, రాపూరు, వెంకటగిరి దాటుకుని ఏర్పేడు దాకా వస్తుంది. మూడంకెల నంబరు చూసి తల్లి రోడ్డు దగ్గర్లోనే ఉంటుందనుకోకూడదు.

నాయుడుపేట బైక్
మా దగ్గర 16 బోర్డుల మీద ఏహెచ్ 45 అని కూడా ఉంటుంది. మొదట్లో రెండు వేర్వేరు రోడ్లు అనుకునేవాడిని. అది ఆసియా దేశాలను కలిపే రహదారుల నంబరు, రోడ్డు ఒకటే.

మామిడితోట, బంగారుపాళ్యం
మా పక్కన బెంగళూరు చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే పని జరుగుతోంది. దాని నంబరు ఎన్‌ఈ 7, అంటే నేషనల్ ఎక్స్‌ప్రెస్‌వే 7. మొన్న మా కూలీల మేస్త్రీ "ఏడో నంబరు రోడ్డు దగ్గరికి రండి" అంటే మా పెద్దాయన బెంగళూరు హైవే అనుకున్నాడు. ఎన్‌హెచ్‌కీ ఎన్‌ఈకీ తేడా పిలిచేటప్పుడు గట్టిగా పలకండి.

రేణిగుంటవాసి
అందరికీ ధన్యవాదాలు. మా కుటుంబం గ్రూపులో ఒక మెసేజ్ తయారు చేశాను, తప్పుంటే సరిచేయండి: "రేణిగుంటలో 716 నంబరు చూసి తిరగొద్దు, పుత్తూరు అని ఉన్న బాణం చూసి తిరగండి." ఇది చాలా?

టమాటా లోడు
ఇంకో మాట కలుపు అక్కా. తిరిగాక మొదట వచ్చే పెద్ద ఊరు వడమాలపేట. వడమాలపేట వస్తే చెన్నై దారి. మామండూరు వస్తే కడప దారి, వెంటనే బండి తిప్పుకోమను. చీకట్లో బోర్డు కనపడకపోతే టీ అంగడి దగ్గర ఆపి ఊరి పేరు అడగమను, నంబరు అడగొద్దని చెప్పు.

రేణిగుంటవాసి
కలిపాను. ఇప్పుడే పంపా. తమ్ముడు చూసి, "అక్కా, ఈసారి కాఫీ తాగి నీ ఇంటి నుంచే బయల్దేరతాం" అని రాశాడు.