స్కూల్ డే శాట్‌కి ఎక్స్‌ట్రా టైం ఎలా అడగాలి?
అమెరికాలో ఉన్న పేరెంట్స్ ఎవరైనా కాస్త చెప్పండి. మా అమ్మాయి లెవెన్త్ గ్రేడ్, మార్చిలో స్కూల్ ఉన్న రోజే, స్కూల్లోనే శాట్ (కాలేజీ అడ్మిషన్లకి రాసే పరీక్ష) పెడతారట, శనివారం పెట్టే శాట్‌కైతే మనమే విడిగా రిజిస్టర్ అవ్వాలి, దీనికి అక్కర్లేదట, అంతవరకు హ్యాపీ. కానీ తనకి ఎక్స్‌ట్రా టైం కావాలి, అక్టోబర్లో పీశాట్ (శాట్‌కి ప్రాక్టీస్ లాంటి పరీక్ష) మామూలు టైంలోనే రాస్తే రీడింగ్‌లో చివరి ప్రశ్నలు చూడకుండానే టైం అయిపోయి ఆ మాడ్యూల్ (పరీక్షలో ఒక భాగం) మూసుకుపోయింది పాపం. 504 ప్లాన్ (వైకల్యం ఉన్న పిల్లలకి స్కూల్ ఇచ్చే సదుపాయాల ప్లాన్) ఉంది గానీ అదొక్కటే చాలదు, శాట్ పెట్టే కాలేజ్ బోర్డ్ అప్రూవల్ విడిగా రావాలంట, దానికి ఏడు వారాల దాకా పట్టొచ్చట. స్కూల్ ఆఫీసులో అడిగితే ఒకళ్ళు ఇంకొకళ్ళని అడగమంటున్నారు. ఆ రిక్వెస్ట్ మనం పెట్టాలా, స్కూల్లో ఈ పని చూసే కోఆర్డినేటరే పెడతారా? ఏ కాగితాలు అడుగుతారు? ఒకసారి అప్రూవల్ వస్తే మేలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి) పరీక్షలకీ అదే చెల్లుతుందా?